కొంగున చింతగింజ

అనగనగా ఒక కనుమ. కనుమకు అవతల శత్రువులు, ఇవతల నెమలిమెట్ట అనే ఊరు. నడుమ రేయింబవళ్లు కాపలా కాసే రాజుగారి సిపాయిలు. వాళ్ల ఆలుబిడ్డలు ఊరి వాగు దాటితే వచ్చే దండుపేటలో గుడిసెలు వేసుకుని ఉండేవారు.

ఏటా తొలకరికి ముందు ఊరివాళ్లు ఆ గుడిసెల కోసం ధాన్యం పోగుచేసేవారు. వాగు పొంగితే వానలు వెలిసేదాకా అటు దారి ఉండదు. నిరుడు ఎవరో పెద్దమనిషి "నేను చేరుస్తాను" అని బండ్లు తోలుకుపోయి మళ్లీ కనిపించలేదు. ఆ వానల్లో దండుపేట పసివాళ్లు ఆకలికి అల్లాడారు. కొందరు దక్కలేదు.

అందుకే ఈ ఏడు గాదె తాళంచెవి ఓబుళమ్మ చేతికిచ్చారు. ఆమె పెనిమిటి ఆ కనుమలోనే ప్రాణం విడిచాడు.

"అవ్వా, ధాన్యం ఎవరికి అప్పగించాలో నువ్వే తేల్చు" అన్నారు.

ఓబుళమ్మకు లోలోపల గుబులు. ఈమధ్య పేర్లు నాలుక చివరిదాకా వచ్చి జారిపోతున్నాయి. గుర్తుకోసం కొంగున ఏదో ఒకటి ముడివేసుకుంటోంది. ఆ ముడి సంగతే మరిచిపోతోంది. ఈ బుర్రతో ఇంతమంది కూడు ఎలా కాపాడాలి?

తెల్లవారేసరికి మబ్బు కమ్మింది. ధాన్యం మేం చేరుస్తామంటూ ఒకరి వెనక ఒకరు ముగ్గురు వచ్చారు.

పట్టు తలపాగా మకరందుడు "వీరుల సేవే నా ఊపిరి" అన్నాడు. కరుణాకరుడేమో, సిపాయి అన్న మాట వినగానే కళ్లు తుడుచుకున్నాడు. మూడో మనిషి సుంకులు, నోటిదురుసు ఆడది. "మబ్బు చూశావా అవ్వా? పని చెప్పు, కబుర్లు తర్వాత" అంది.

అవ్వ ముగ్గురికీ ఒకటే చెప్పింది. "దండుపేటలో మొన్ననే మొగుణ్ణి పోగొట్టుకున్న బాలింత ఉంది. పేరు... ఆఁ, కొండమ్మ. ముందు ఇది ఆమెకు ఇచ్చి రండి." ఒకరికి రాగిపిండి, ఒకరికి నువ్వులనూనె, సుంకులుకు కంబళి ఇచ్చి విడివిడిగా పంపింది.

మధ్యాహ్నానికి మకరందుడు వచ్చాడు. "కొండమ్మ పిండిని కళ్లకద్దుకుంది."

వెనకే కరుణాకరుడు. "కొండమ్మ నా కాళ్లమీద పడి ఏడ్చింది, అవ్వా!"

సుంకులు జాడ లేదు. ఉరిమింది. వాగు హోరు ఊళ్లోకి వినిపిస్తోంది.

"అది కంబళితో ఉడాయించింది. తాళం తియ్యి, అవతల పిల్లలు మాడిపోతారు!" అని ఇద్దరూ తొందరపెట్టారు.

అవ్వ తాళంచెవి తీసింది. కొంగు ముడి వేళ్లకు తగిలింది. విప్పితే చింతగింజ.

అయ్యో! బాలింత పేరు చింతమ్మ! మరిచిపోకూడదనే కదా ఈ గింజ కట్టుకుంది! మరి కొండమ్మ ఎవరు?

"కొండమ్మను మీ కళ్లతో చూశారా?"

"ఎదురుగా నిలబడి మాట్లాడాం!"

అంతలో సుంకులు వచ్చింది. మోకాళ్లదాకా తడిసింది, చేతిలో కంబళి లేదు.

"చూశావా, అమ్ముకొచ్చింది!" అన్నాడు మకరందుడు.

"నోర్ముయ్యి" అంది సుంకులు. "అవ్వా, ఏం పేరు చెప్పి చంపావే? ఇల్లిల్లూ తిరిగాను, కొండమ్మే లేదు. మొగుడు పోయిన బాలింత చింతమ్మట. బిడ్డ చలికి నీలబడుతుంటే కప్పి వచ్చాను. నువ్వు చెప్పిన పేరుకు ఇవ్వలేదు. తప్పయితే నా కంబళి తీసుకో. ఆ ఇంట్లో పిండీ లేదు, నూనే లేదు. పొద్దుటినుంచి ఆ పేటకు నేను తప్ప ఎవరూ రాలేదట!"

ఇద్దరి మొహాలూ పాలిపోయాయి. పారిపోబోతుంటే ఊరివాళ్లు పట్టుకుని పెడరెక్కలు విరిచి కట్టారు.

అవ్వ సుంకులుకు చింతగింజ చూపించి తన మతిమరుపు సంగతి చెప్పుకుంది. గాదె తెరుచుకుంది. సుంకులు ముందు నడిచింది, ఊరివాళ్లు బండ్లు తోలారు. చివరి బండి గట్టెక్కేసరికి నీళ్లు ఇరుసు దాకా వచ్చాయి. అవ్వ వానలో తడుస్తూ ఇవతలి గట్టునే నిలబడింది. చీకటి పడబోతుండగా అవతలి నుంచి సుంకులు కేక వినిపించింది.

"ప్రతి గుడిసెలో దించాం, అవ్వా! ఈసారి చింతకాయే కట్టుకో, నీకు గింజ చాలదు!"

అవ్వ పకపకా నవ్వి, చింతగింజను మళ్లీ కొంగున ముడివేసుకుంది.

కాబట్టి పిల్లలూ, దానానికి జాలి ఒక్కటే చాలదు. మన కోసం ప్రాణమొడ్డేవాళ్ల ఇంటికి పంపింది ఎవరి చేతుల్లో పడింది, ఎవరి గడప చేరింది అని విచారించడం కూడా దానమే.