కావాలని ఓడిన పడవ

అనగనగా ఒక పెద్ద ఏరు, ఆ ఏటి నడుమ మూడు లంకలు. ఒక లంక నిండా అరటితోటలు, ఇంకో లంక నిండా పొగాకు. మూడోదైన గువ్వలలంకలో మాత్రం ఎటు చూసినా గువ్వలు, ఎవరిని కదిలించినా గొప్పలు.

ఏటేటా వరద తీశాక మూడు లంకలకూ పడవ పందెం జరిగేది. గెలిచిన లంక రేవులో ఏడాది పొడుగునా ఎర్రజెండా ఎగిరేది. పందెం మర్నాడు ఇంకో వేడుక. చుట్టుపక్కల పల్లెల్లో ఆ ఏడు తెడ్డు పట్టడం నేర్చిన పడుచువాళ్లంతా ఇసుకతిన్నె మీద వరసగా నిలబడేవారు. తమ పడవకు ఎవరు కావాలో లంకపెద్దలు ఒకరి తర్వాత ఒకరు కోరుకునేవారు. అందరికంటే ముందు కోరుకునే హక్కు పందెంలో చివర వచ్చిన లంకది. ఓడినవాళ్లకు చేయూత ఇవ్వాలని పూర్వులు పెట్టిన ఆచారం అది. పాపం, ముత్యాలయ్యలాంటి వాడు పుడతాడని వాళ్లు కలలో కూడా అనుకుని ఉండరు.

ముత్యాలయ్య గువ్వలలంక పెద్ద. మంచివాడే, కాని గెలుపంటే మహా యావ. తండ్రి హయాంలో వచ్చిన జెండా తన హయాంలో ఒక్కసారైనా రాలేదు. అందుకని ఒకనాడు రచ్చలో మీసం దువ్వి, "జెండా తేలేకపోతే ఈ పెద్దరికం నాకొద్దు" అనేశాడు. అన్నాక తిండి సహించలేదు. అన్నమాట వెనక్కి తీసుకోవడానికి మీసం అడ్డొచ్చింది మరి.

మొదటి ఏడు అతను పేరుమోసినవాళ్ల కోసం బయలుదేరాడు. "పండిన చేతులు ఉండగా పచ్చివాళ్లకు నేర్పుతూ కూర్చోవడం ఎందుకు?" అన్నాడు. దూరపు రేవుల నుంచి ముగ్గురు మొనగాళ్లను బతిమాలి, ఇళ్లు వేయించి, గడ్డపెరుగు పోసి మరీ తెచ్చుకున్నాడు. ముగ్గురూ నిజంగా మొనగాళ్లే. చిక్కల్లా అక్కడే వచ్చింది. ఒకడు "హైలెస్సా" అని పాట ఎత్తుకుంటే రెండోవాడు "ఆగు, నా పాటకు తెడ్డు వెయ్యి" అనేవాడు. మూడోవాడు ఎవరి పాటా వినేవాడు కాదు. పడవ నడి ఏట్లో గానుగెద్దులా తిరిగింది. చుక్కాని పట్టిన ముసలి గవరయ్య నానా తిప్పలూ పడి రెండో స్థానంలో ఒడ్డుకు చేర్చాడు. మొనగాళ్లు ఒకరినొకరు తిట్టుకుంటూ ఎవరి దారిన వాళ్లు పోయారు.

రెండో ఏడు అందరి నోటా నూకరత్నం మాటే. ఒడ్డున ఉన్న జాలరిపల్లె పిల్ల. ఆ పిల్ల తెడ్డు వేస్తే ఎదురు ఏరు కూడా పక్కకు జరుగుతుందని చెప్పుకునేవారు. ఆ పిల్ల ఆ ఏడే ఇసుకతిన్నె మీదకు రాబోతోంది. ముత్యాలయ్య బావమరిది చిట్టబ్బాయి మెల్లగా బావ పక్కన చేరాడు.

"బావా, ఆ పిల్ల మన పడవ ఎక్కితే జెండా మనదే. ఎక్కాలంటే మనం ముందు కోరుకోవాలి. ముందు కోరుకోవాలంటే..."

"చివర రావాలి" అన్నాడు ముత్యాలయ్య. అనేసి, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాడు.

పందెం నాటి ఉదయం పడవవాళ్లను పిలిచి, "ఏటి వంపు దగ్గర చేతులు కాస్త వదలండి" అని చెప్పాడు. అందరూ తలలు ఊపారు. గవరయ్య ఒక్కడే చుక్కాని వదిలి లేచాడు.

"పెద్దయ్యా, ఓడిపోవడం నాకు అలవాటే. కావాలని ఓడడం చేతకాదు. ఇంకెవరినైనా చూసుకోండి" అని ఇంటికి వెళ్లిపోయాడు.

వంపు దగ్గర చేతులు వదిలారు. పడవ చివర వచ్చింది. ఒడ్డున గువ్వలలంక పిల్లలు గొంతులు బొంగురుపోయేదాకా "లాగండి, లాగండి" అని అరుస్తూనే ఉన్నారు. మంగమ్మవ్వ అనే ముసలావిడ మోకాలిలోతు నీళ్లలోకి దిగి పడవవాళ్లకు తలా ఒక కొబ్బరిబొండం అందించింది.

"పోన్లేండి నాయనా, మీ శక్తికొద్దీ లాగారు. నేను చూశాను కదా!" అంది.

పడవవాళ్లు తలలు వంచుకుని తాగారు. అవ్వ ముత్యాలయ్యకూ ఒకటి ఇచ్చింది. అతనికి సిగ్గేసింది. నలుగురిలో ఒంటి మీద బట్ట జారిపోయినంత సిగ్గేసింది. అయినా మర్నాడు ఇసుకతిన్నె మీద అందరికంటే ముందు చెయ్యి చాచి నూకరత్నాన్నే కోరుకున్నాడు. ఆశ అలాంటిది మరి!

మూడో ఏడు గువ్వలలంక పడవ మొదటి నుంచీ ముందే ఉంది. నూకరత్నం పాట ఎత్తుకుంటే అందరి తెడ్లూ ఒక్కటిగా పడుతున్నాయి. ముత్యాలయ్య ఒడ్డున నిలబడి అప్పుడే జెండాకర్ర ఎక్కడ పాతించాలా అని చూసుకుంటున్నాడు. ఇంతలో వంపు వచ్చింది. పోయినేడు చేతులు వదిలిన చోటు రాగానే పడవవాళ్ల మొహాలు వాడిపోయాయి, చేతులు వాటంతటవే సడలాయి. ఒక్క నూకరత్నం తెడ్డే పడుతోంది. పడవ పక్కకు తిరిగి ఇసుకమేట ఎక్కింది. మళ్లీ చివరే.

ఈసారి నిజంగానే ఓడారు. నమ్మేవాళ్లేరీ? చిట్టబ్బాయి నోట్లో నువ్వుగింజ నానదు, పాత సంగతి ఏనాడో ఏరు దాటింది. అరటిలంక కుర్రకారు రేవులో నిలబడి నవ్వారు.

"ఏం ముత్యాలయ్యగారూ, పోయినేడు ఈ పిల్ల కోసం ఓడారు. ఈసారి ఎవరి మీద కన్నేశారు?"

నూకరత్నం ఆ మాట విన్నది. తడిబట్టలతోనే తిన్నగా ముత్యాలయ్య దగ్గరికి వచ్చింది.

"పెద్దయ్యగారూ, వాళ్లన్నది నిజమేనా?"

అబద్ధమాడదామనుకున్నాడు ముత్యాలయ్య. ఆ పిల్ల మొహం చూశాక నోరు రాలేదు. "నిజమే తల్లీ" అన్నాడు.

"నన్ను అందరికంటే ముందు కోరుకున్నారని మా అమ్మ పల్లెంతా తిరిగి బెల్లం పంచిందండీ. ఆ బెల్లం తిన్నవాళ్లకు ఇప్పుడు మా అమ్మ ఏం చెప్పాలి?"

భూమి నోరు తెరిస్తే ముత్యాలయ్య అందులోకి దూకేసేవాడు. అక్కడి నుంచి గవరయ్య ఇంటికి నడిచాడు. గవరయ్య అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు.

"గవరయ్యా, మళ్లీ చుక్కాని పట్టవయ్యా. మనవాళ్ల చేతులు చచ్చుబడ్డాయి."

"పడతాను. కాని వాళ్లకు జబ్బు చేతుల్లో లేదు పెద్దయ్యా. మీరు చెప్పారని చేశారు. చేసింది పెళ్లాం పిల్లలకు కూడా చెప్పుకోలేక కుమిలిపోతున్నారు. మీరు నోరు విప్పితేగాని వాళ్ల చేతులు లేవవు."

"నలుగురి ముందూనా?"

"ఓడింది నలుగురి ముందేగా."

మర్నాడు ఇసుకతిన్నె మీద మూడు లంకల జనమూ చేరారు. ముందు కోరుకోమని గువ్వలలంకను పిలిచారు. ముత్యాలయ్య ముందుకు వచ్చి తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పోయినేడు మా పడవ ఓడలేదు, నేను ఓడించాను. చేతులు వదలమన్నది నేనే, పడవవాళ్ల తప్పేమీ లేదు. నూకరత్నం తప్పు అసలే లేదు. ముందు కోరుకునే అర్హత మాకు లేదు. మీరంతా కోరుకున్నాక మిగిలినవాళ్లే మాకు చాలు. ఈ పెద్దరికం కూడా నాకొద్దు."

తిడతారనుకున్నాడు. తిడితే బాగుండేది. మంగమ్మవ్వ అతని వంక చూసి, "ఆ రోజు పిల్లలు ఎంత అరిచారయ్యా!" అని మొహం పక్కకు తిప్పుకుంది. ముత్యాలయ్య నిలువునా కుంగిపోయాడు. కాని అతని వెనక నిలబడ్డ పడవవాళ్లు, ఏడాది తర్వాత మొదటిసారి, తలలెత్తి పెళ్లాం పిల్లల మొహాల్లోకి చూశారు.

ఆ మరుసటి ఏడు గవరయ్య చుక్కాని పట్టాడు. నూకరత్నం పాట ఎత్తుకుంది. ఎవరూ కోరని కొత్తవాళ్లు పాత పడవవాళ్ల పక్కన కూర్చుని తెడ్డు వేశారు. పడవలోకి చేరే నీళ్లు తోడే పని ముత్యాలయ్య అడిగి మరీ పుచ్చుకున్నాడు. వంపు రాగానే గవరయ్య "ఇక్కడే! ఇక్కడే లాగండి!" అని కేక పెట్టాడు. ముసలి చేతులూ, పడుచు చేతులూ ప్రాణం పెట్టి లాగాయి. గువ్వలలంక పడవ తెడ్డు పొడవంత ముందు వచ్చి గెలిచింది.

జెండా ఎగరేయమని గవరయ్య ఎంత పిలిచినా ముత్యాలయ్య లేవలేదు. చివరికి నూకరత్నం చేతే ఎగరేయించారు. అందరూ చప్పట్లు కొడుతూ పైకి చూశారు. ముత్యాలయ్య మాత్రం తల వంచుకుని పడవ అడుగున మిగిలిన నీళ్లు తోడుతూ ఉండిపోయాడు. జెండా వచ్చింది గాని, దాని వంక చూసే మొహం అతనికి ఇంకా రాలేదు.

కాబట్టి పిల్లలూ, పండిన చేతులను నమ్ముకున్నా, పడుచు చేతులను నమ్ముకున్నా ఓడిపోవడం తప్పు కాదు. రేపటి గెలుపు కోసం ఈనాడు కావాలని ఓడిపోవడమే తప్పు, దాన్ని నలుగురిలో ఒప్పుకున్నాకే పడవ ముందుకు కదులుతుంది.