నూకరాజు మెదడు బొమ్మలు

మౌళి బాధల్లా ఒక్కటే. తనకి కళ్ళెదుట కనిపిస్తున్నదాన్ని గురువుగారు ఒప్పుకోవడం లేదు.

డాక్టర్ మెహరున్నీసా దగ్గర అతను పరిశోధనకి చేరి రెండేళ్ళు కావస్తోంది. విశాఖపట్నంలో ఒక పెద్దాసుపత్రి వెనకవైపు ఆవిడ ల్యాబు. తలకి దెబ్బ తగిలి మాటో నడకో పోగొట్టుకున్నవాళ్ళకి, వాళ్ళ ఎముకల మూలుగలోంచే మూలకణాలు తీసి ఎక్కిస్తారు. మెదడులో తెగిన నరాల దారులు మళ్ళీ కలుస్తున్నాయేమోనని స్కానింగు బొమ్మల్లో వెతుకుతారు. వెతుకుతారు అని ఎందుకన్నానంటే, దొరికిందని ఆవిడ ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. మౌళికి మింగుడుపడనిది అదే.

నూకరాజు ఇళ్ళకి రంగులు వేసే మనిషి. మేడ గోడకి రంగు వేస్తూ కిందపడ్డాడు. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. మొదటి విడత మూలకణాలు ఎక్కించిన వారానికే ఫిట్స్ వచ్చి అందరినీ హడలగొట్టాడు. మందులతో అవి తగ్గాయి. మూడో నెల స్కానింగులో మెరుగు కనిపిస్తేనే రెండో విడత ఎక్కించాలని, లేకపోతే మళ్ళీ ఫిట్స్ వచ్చే ముప్పు నెత్తిన పెట్టుకోవద్దని ముందే అనుకున్నారు.

ఆ స్కానింగు అయింది. మౌళికి మెరుగు కనిపించింది. సాయంత్రం వరండాలో నూకరాజు భార్య సన్యాసమ్మ ఎదురుపడితే ఉండబట్టలేక చెప్పేశాడు కూడా.

"నరాలు పెరుగుతున్నాయమ్మా. రెండో ఇంజక్షన్ పడితే ఇంకా బాగుంటుంది."

ఆమె రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. చదువుకున్నవాడికి అంతకన్నా ఏం కావాలి. అతను ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

పొద్దున్నే గురువుగారి గదిలోకి వెళ్ళాడు.

"మూడో నెల బొమ్మలో దారి చిక్కబడింది మేడమ్. ఎవరు చూసినా తెలిసిపోతుంది. మీరు సరేనంటే రేపే ఎక్కించేద్దాం."

"తారీకులు మూసి చూశావా?"

"ఇంత తేడా ఉన్నప్పుడు మూయడం ఎందుకండీ?"

పేరు, తారీకు కనిపించకుండా మూసి బొమ్మలు చదవడం ఆ ల్యాబులో పద్ధతి. అది కొత్తగా చేరినవాళ్ళకోసం పెట్టిన నియమమని, తన కన్ను ఎప్పుడో కుదురుకుందని మౌళి అభిప్రాయం.

ఆవిడ కంప్యూటరు తెర తనవైపు తిప్పుకుని నూకరాజు బొమ్మలే రెండు పక్కపక్కన పెట్టింది. గాయాలకి వేసే ప్లాస్టరు రెండు ముక్కలు చింపి, ఒకదాని మీద 'ముందు' అని, రెండోదాని మీద 'తర్వాత' అని రాసింది. వాటిని తెర మీద తారీకులు కనిపించేచోట అంటించి, తెర అతనివైపు తిప్పింది.

"చదువు."

మౌళి వంగి చూశాడు. మెదడులోని దారులు రంగురంగుల దారప్పోగుల్లా ఉన్నాయి.

"ఇదిగోండి. ముందు ఇక్కడ పలచగా, మధ్యలో తెగినట్టుంది. తర్వాతదాంట్లో చూడండి, లావెక్కింది. ఈ కొస కిందిదాకా దిగింది. నేను చెప్పింది ఇదే మేడమ్."

"శ్రద్ధగానే చదివావు," అంటూ ఆవిడ ప్లాస్టరు ముక్కలు పీకేసింది.

రెండు బొమ్మలూ ఒకే రోజువి. మధ్యలో అరగంట తేడా. అప్పటికి నూకరాజుకి ఒక్క కణం కూడా ఎక్కించలేదు.

"మొదటిరోజు ప్రతివాళ్ళకీ రెండుసార్లు తీస్తాం కదా," అంది ఆవిడ. "బల్ల మీంచి దించి, మళ్ళీ పడుకోబెట్టి. మనిషి మారకపోయినా బొమ్మ ఎంత మారుతుందో తెలియాలని. ఆ రోజు ఇతన్ని దించి మళ్ళీ పడుకోబెట్టింది ఎవరు?"

"నేనేనండీ."

మౌళికి సిగ్గేసింది. అయినా ఆశ చావలేదు.

"కానీ మేడమ్, మూడో నెల దాంట్లో నిజంగానే పెరిగి ఉండొచ్చు కదా?"

"ఉండొచ్చు. నేనూ అదే కోరుకుంటున్నాను. అందుకే ఈ బొమ్మలు నేను కూడా చదవను. నూకరాజు ఎవరో తెలియనివాళ్ళకి, తారీకులు తీసేసి పంపిద్దాం. వాళ్ళు చెప్పేదాకా రెండో విడత లేదు."

అప్పుడు గుర్తొచ్చింది అతనికి సన్యాసమ్మ. 

"నరాలు పెరుగుతున్నాయని సన్యాసమ్మతో నిన్ననే చెప్పేశానండీ."

మెహరున్నీసా తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి కాస్త తేలిగ్గా ఉండేది. కుర్చీలోంచి లేచి, "పద," అంది.

వార్డు బయట బెంచీ దగ్గర సన్యాసమ్మ కడిగిన గ్లాసులు బోర్లిస్తోంది. మౌళిని చూడగానే నవ్వుతూ లేచింది.

"మా ఆడబిడ్డకి ఫోన్ సేసి సెప్పేసినాను బాబూ. రేపేనా సూదిమందు?"

మౌళి గురువుగారి వైపు చూశాడు. నువ్వే చెప్పు అన్నట్టు ఆవిడ సన్యాసమ్మ వైపు చూపించింది.

"నిన్న నేను తొందరపడ్డానమ్మా," అన్నాడు. "పెరిగాయో లేదో ఇంకా తెలీదు. తెలిసేదాకా ఇంజక్షన్ ఉండదు."

సన్యాసమ్మ నవ్వు ఆగిపోయింది.

"అదేటి బాబూ. మీరే కదా సెప్పినారు. నానెల్లి ఆయనికి కూడా సెప్పినాను. ఇని ఏడ్సినాడు."

మౌళి "తప్పు నాదేనమ్మా. వేరేవాళ్ళు కూడా చూస్తారు, చూశాక మీకు కబురు చేస్తాం," అని గబగబా చెప్పేసి, వెళ్ళిపోవడానికి ఒక అడుగు వెనక్కి వేశాడు.

గోడవారగా ఉన్న స్టూలు తెచ్చి మెహరున్నీసా బెంచీకి ఎదురుగా వేసింది.

"కూర్చో మౌళీ," అంది. "ఆవిడ అడగాల్సినవి ఇంకా ఉన్నాయి."