సుంకన్న ఎంచుకున్న కత్తి

రేవణగురువు కూర్చున్న చోట కూర్చుని ప్రశ్నకు జవాబు చెప్పేవాడు కాదు. ఎవరేమడిగినా, "నడుస్తూ మాట్లాడుకుందాం పద" అని కర్ర అందుకునేవాడు. తీరా నడిచేటప్పుడు మాట్లాడేవాడూ కాదు. ఆ నడకలో ఎదురైనదే జవాబని, అది అర్థం కానివాళ్ళు మర్నాడు మళ్ళీ నడవాలని, కృష్ణ ఒడ్డున ఆయన మఠంలో చేరినవాళ్ళకు కొన్నాళ్ళు పోయాక గాని తెలిసొచ్చేది కాదు.

ఆయన శిష్యుల్లో ఫాలాక్షుడు అందరికంటే చురుకైనవాడు. ఒక శ్లోకం వింటే అందులో ఎక్కడ పట్టు సడలిందో చిటికెలో చెప్పగలడు. ఆ ఏడు శ్రావణంలో పక్క ఊరి సభలో, నలభై ఏళ్ళుగా పురాణం చెబుతున్న ఒక వృద్ధుణ్ణి ఒక్క మాట అర్థం దగ్గర పట్టుకుని, పన్నెండు ప్రమాణాలు చూపించి నోరెత్తకుండా చేశాడు. సభ అంతా భేష్ అంది. వృద్ధుడు గ్రంథం మూసి, గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన ఎక్కడా పురాణం చెప్పలేదు.

సభ నుంచి తిరిగి వచ్చిన మర్నాడు పొద్దున్నే ఫాలాక్షుడు గురువును అడిగాడు.

"అయ్యవారూ, నా బుద్ధి పదునైనదని అందరూ అంటున్నారు. దాన్ని ఇంకా పదును పెట్టుకోవాలంటే ఏం చెయ్యాలి?"

గురువు కర్ర అందుకున్నాడు.

ఇద్దరూ రేవు దారిన నడిచి కమ్మరి కాళాచారి కొలిమి దగ్గరికి వచ్చేసరికి, అక్కడ వేటగాడు సుంకన్న గొంతుక్కూర్చుని కత్తులు చూస్తున్నాడు. సుంకన్న కొండమీది గూడెం పెద్ద. అరవై దాటినవాడు. మూడు ఊళ్ళ చేలు తొక్కి, ఇద్దరిని కుమ్మిన అడవిదున్నను ఆ తెల్లవారుజామునే అతని మనుషులు బల్లెంతో పడగొట్టారు. తోలు ఒలవబోతే అతని పాత కత్తి విరిగిపోయింది. ముప్పై ఏళ్ళు నూరీ నూరీ అది తాటాకంత పలచబడిపోయిందట. కొత్త కత్తి కోసం కొండ దిగి వచ్చాడు.

ఫాలాక్షుడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. జొన్నంబలి తాగి బతికే తన గురువు, జంతువుల తోలు ఒలిచే కత్తి బేరం దగ్గర ఎందుకు నిలబడ్డాడో అతనికి అంతుపట్టలేదు. గురువు మాత్రం ఒక దుంగ మీద కూర్చుని, శాస్త్రపాఠం వింటున్నంత శ్రద్ధగా చూస్తున్నాడు.

కాళాచారి తన దగ్గరున్న వాటిలో మేలైన కత్తిని తీసి చూపించాడు. సన్నగా, పొడుగ్గా, సూదిమొనతో మెరిసిపోతోంది. ఒక వెంట్రుకను పీకి దాని మీదికి వదిలితే రెండు ముక్కలై పడింది. ఫాలాక్షుడు ఉండబట్టలేక, "ఇంతకంటే మంచి కత్తి ఎక్కడ దొరుకుతుందయ్యా? తీసుకో" అన్నాడు.

సుంకన్న దాన్ని రెండు చేతులా అందుకుని, కళ్ళకద్దుకుని, తిరిగి ఇచ్చేశాడు. "శానా గొప్ప కత్తి సామీ. పొడిసేదానికి. నాకు పొడిసే పని అయిపోయింది."

ఆపైన ఆముదం అడిగి తెప్పించుకుని అరచేతులకు దట్టంగా రాసుకున్నాడు. నెత్తురూ కొవ్వూ అంటిన చెయ్యి ఇలాగే జారుతుందన్నాడు. ఆ జిడ్డు చేత్తో ఒక్కొక్క కత్తి పిడీ పట్టి, కళ్ళు మూసుకుని, గాలిలో మెల్లగా తిప్పాడు. కొమ్ము పిడి జారింది. ఇత్తడి పిడి జారింది. చండ్రకర్ర పిడి ఉన్నవి రెండు చేతికి కరుచుకున్నాయి. ఆ రెంటికీ జానెడు అలుగు, నెలవంకలా బయటికి ఉబ్బిన అంచు, పైకి ఎత్తి కాస్త గుండ్రం చేసిన మొన. చూడ్డానికి ఏ అందమూ లేనివి.

వాటిలో మొదటిదాన్ని తీసుకుని, పదునైన అంచును ఇనుము సాగగొట్టే దాగలి దిమ్మ మీద పెట్టి బరబరా గీశాడు. కాళాచారి ప్రాణం విలవిల్లాడింది. సుంకన్న పట్టించుకోలేదు. మొలలో నుంచి ఒక వాగురాయి తీసి, ఉమ్మి తడిపి, చెడిన అంచును దాని మీద పదిసార్లు నూరి, బొటనవేలి గోటి మీద పెట్టి చూశాడు. కత్తి గోటి మీద జారిపోయింది. పదును తిరిగి రాలేదు. రెండోదాన్నీ అలాగే చెడగొట్టి, అలాగే నూరాడు. ఈసారి అంచు గోటిని పట్టుకుంది.

"మొదటిది మరీ గట్టి ఇనుము. అడివిలో నీ సాన నాకేడ దొరుకుతాది అన్నా? వాగులో రాయితో పదునెక్కాల" అన్నాడు.

కాళాచారి కోపం అప్పటికే చల్లారింది. "ముప్పై ఏళ్ళుగా కత్తులు కొడుతున్నా. నా కత్తిని చెడగొట్టి చూసి మరీ మెచ్చుకున్నవాడివి నువ్వొక్కడివే" అని, దాన్ని తనే సాన పట్టి ఇచ్చాడు.

సరిగ్గా అప్పుడే రేవు వైపు నుంచి, తోలు పుట్టిలో జనాన్ని ఏరు దాటించే ఈరన్న పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఒళ్ళంతా నీళ్ళు కారుతున్నాయి. ఎగువన కురిసిన వానకు ఏరు పొంగింది. గడ్డి కోసుకోవడానికి లంక మీదికి వెళ్ళిన ఏడుగురు ఆడవాళ్ళు అక్కడే చిక్కుకుపోయారు. వాళ్ళను తేవడానికి బయల్దేరితే పుట్టి బండకు కొట్టుకుని, అడుగు తోలు బారెడు చిరిగింది. వెదురు చట్రం మాత్రం మిగిలింది. ఈ వరదలో అతుకు నిలవదు. ఊళ్ళో అంత పెద్ద తోలు ఇంకొకటి లేదు.

"నా పెండ్లాం కూడా ఆడనే ఉంది సుంకన్నా" అన్నాడు ఈరన్న.

సుంకన్న లేచాడు. "దున్న తోలు సరిపోతాది. బల్లెం పోటు మెడ మీద పడింది, ఆ ముక్కతో నీకు పని లేదులే. పద."

నలుగురూ అతని వెంట అడవి అంచుకు పరుగెత్తారు. దున్న ఒక చిన్న గుట్టలా పడి ఉంది. గూడెం మనుషులు ఇద్దరు అక్కడ కాపున్నారు. గురువు ఏమీ అనకుండా కండువా నడుముకు బిగించి దున్న ముందుకాలు పట్టుకున్నాడు. "నువ్వు వెనకకాలు పట్టు నాయనా" అన్నాడు. ఫాలాక్షుడు కళ్ళు మూసుకుని పట్టుకున్నాడు. కాసేపటికి తెరిచాడు. ఆ తర్వాత మూయలేకపోయాడు.

ఎందుకంటే సుంకన్న కోస్తున్నట్టే లేదు. కడుపు మీద ఒక్క గీత తీసి, వేళ్ళు తోలు కిందికి దూర్చి, పిడికిలితో నెట్టుకుంటూ పోతున్నాడు. తోలు దానంతటదే విడివడుతున్నట్టు వస్తోంది. ఎక్కడ తెల్లటి పొర పట్టుకుని వదలనంటుందో అక్కడ మాత్రమే కత్తి గుండ్రటి అంచు ఒకసారి తాకుతుంది. పొర వీడిపోతుంది. కత్తి వెనక్కి వస్తుంది. ఇటు మాంసానికి గాటు లేదు, అటు తోలుకు గీత లేదు. అంత పెద్ద చెయ్యి అంత మెత్తగా కదలడం ఫాలాక్షుడు ఎన్నడూ చూడలేదు.

డొక్క దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. ఎప్పుడో పులి చీల్చిన గాయం మాని, అక్కడ తోలూ కండా ఒకటై బిగుసుకుపోయాయి. పిడికిలి పోదు. రేవు నుంచి కేకలు వినిపిస్తున్నాయి. లంక మీది తుమ్మచెట్టు మొదలు మునిగిందట. ఈరన్న తల పట్టుకుని నేల మీద కూలబడ్డాడు.

ఫాలాక్షుడు అరిచాడు. "తొందరగా కొయ్యవయ్యా! అవతల ప్రాణాలు పోతున్నాయి!"

సుంకన్న కత్తి తుడిచాడు. వాగురాయి తీసి నింపాదిగా నూరాడు.

"కోసేస్తే ఇప్పుడే అయిపోతాది సామీ. ఏం కోసినామో నడి ఏట్లో తెలుస్తాది."

మళ్ళీ వంగాడు. గోరంత, గోరంత. చెమట ముక్కు మీంచి జారి దున్న డొక్క మీద పడుతోంది. ఒకచోట అంచును పక్కకు వాల్చి, ఊపిరి బిగబట్టి, కండ వైపు ఒత్తుతూ లాగాడు. మచ్చ తోలుతో పాటే చెక్కుచెదరకుండా వచ్చింది. ఫాలాక్షుడు తాను కూడా ఊపిరి బిగబట్టానని అప్పుడు గ్రహించాడు.

మిగతావాళ్ళంతా తోలును ఎత్తి ఎండకు అడ్డంగా పట్టుకున్నారు. ఈరన్న కిందికి దూరి, పైకి చూస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు పాకాడు. ఎక్కడా చుక్క వెలుగు కనబడలేదు.

పచ్చితోలునే చట్రానికి బిగించి వారుతో కుట్టారు. ఈరన్న రెండుసార్లు ఏరు దాటాడు. మొదట నలుగురు, తర్వాత ముగ్గురు. రెండో విడత పుట్టి లంకను వదిలేటప్పటికి అక్కడ మోకాటి లోతు నీళ్ళు. ఈరన్న భార్య అందరి కంటే వెనక ఎక్కిందట. ఒడ్డు చేరాక పుట్టి అడుగున చెయ్యి పెట్టి చూసి, "ఎక్కడా ఊట కూడా లేదు" అంది. ఈరన్న వచ్చి సుంకన్న కాళ్ళ మీద పడబోయాడు. సుంకన్న అతని భుజాలు పట్టి లేపి, "దున్న తోలు మంచిదిలే" అని, కత్తి కడుక్కోవడానికి నీళ్ళ దగ్గరికి వెళ్ళాడు.

ఫాలాక్షుడు అతని వెనకే వెళ్ళి, కత్తిని ఒకసారి ఇమ్మని అడిగి తీసుకున్నాడు. బొటనవేలితో అంచును తడిమాడు. చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తిరిగి వచ్చి గురువు పక్కన నిలబడ్డాడు.

"ఎంత పదునైన కత్తి, అయ్యవారూ!"

రేవణగురువు చేతులకంటిన నెత్తురు ఇసుకతో రుద్దుకుంటూ అన్నాడు.

"పదునుకేం నాయనా. కాళాచారి దగ్గర పదును లేని కత్తి ఏది?"