ఏడోనాటి కొబ్బరి పెరుగు

ఎవరు ఏ ప్రశ్న అడిగినా తాతబ్బాయిగారు ముందు "ఇవాళ ఇంట్లో ఏం వండుకున్నారు?" అని అడిగేవారు. మోక్షం గురించి అడిగినవాడికీ అదే, పూర్వజన్మ గురించి అడిగినవాడికీ అదే. కార్లలో వచ్చే పెద్దమనుషులకు ఇది నచ్చేది కాదు. బీరకాయ కూర అని చెప్పడానికా ఇంత దూరం వచ్చామని సణుక్కుంటూ వెళ్లిపోయేవారు. ఆయన ఆపేవారు కాదు. నేలలో పాతిన గునపం మీద నలభై ఏళ్లు కొబ్బరికాయలు వలిచిన మనిషి ఆయన. చేతులు వణకడం మొదలయ్యాక పని మానేసి, తాను పనిచేసిన కొబ్బరితోటలోనే ఒక పాకలో కూర్చుని, వచ్చిన నలుగురితో నాలుగు మంచి మాటలు చెబుతుండేవారు. ఆయన గురువెప్పుడు అయ్యారో, ఎవరు చేశారో అంబాజీపేట చుట్టుపక్కల ఎవరినడిగినా సరిగా చెప్పలేరు.

సత్యవేణి పదకొండేళ్లుగా గురువారం గురువారం ఆ పాకకు వచ్చేది. వెనకాల గోడకు చేరబడి కూర్చునేది, ఏమీ అడిగేది కాదు. నిజానికి ఆ గంటసేపూ ఆమె కునికిపాట్లు పడేదని అందరికీ తెలుసు, గురువుగారికి ఇంకా బాగా తెలుసు. అలాంటి మనిషి ఒక గురువారం మధ్యాహ్నం అందరూ వెళ్లిపోయినా లేవలేదు.

"గురువుగారూ, ప్రేమ లేకుండా చేసే చాకిరీ పుణ్యమా, పాపమా అండి?" అని అడిగింది.

ఆమెకు ఒక్కతే కూతురు, పేరు నీలిమ, ఇరవై రెండేళ్లది. పుట్టుకతోనే నడకా లేదు, మాటా లేదు. నీళ్లు పోయడం, బట్టలు మార్చడం, తల దువ్వడం, ముద్దలు కలిపి నోట్లో పెట్టడం, అన్నీ సత్యవేణే. భర్త లారీ మీద వెళితే పది రోజులకు గానీ ఇంటి ముఖం చూడడు. ఇన్నేళ్ల చాకిరీకి ఆమె ఒళ్లు హూనమైపోయింది. దాన్ని ఆమె ఏనాడూ లెక్కచేయలేదు. కానీ ఈ మధ్య మనసు కూడా మొద్దుబారిపోయింది, అదీ ఆమె దిగులు. పిల్ల ఒళ్లు తుడుస్తుంటే అరుగు తుడుస్తున్నట్టే ఉంటోంది. మొన్నొక పూట తల దువ్వుతూ దువ్వుతూ, ఇది పోతే నేను కాసేపు పడుకోవచ్చు, అనుకుంది. అనుకున్నాక దువ్వెన కింద పెట్టేసి, తనను చూసి తనే భయపడింది.

"ఇలాంటి పిల్లల్ని ఉంచుకుని చూసే చోటొకటి రాజమండ్రిలో ఉందటండి. ప్రేమున్న చేతులకి అప్పగించేస్తే దానికే మంచిది కదా అనిపిస్తోందండి. సోమవారం తీసుకొచ్చేయమన్నారు," అంది.

తాతబ్బాయిగారు అంతా విన్నారు. విని, "ఇవాళ ఇంట్లో ఏం వండావమ్మా?" అని అడిగారు.

సత్యవేణికి ఒళ్లు మండింది. పదకొండేళ్లలో గురువుగారి మీద కోపం రావడం అదే మొదటిసారి. కోపం వచ్చినా దాన్ని నిలబెట్టుకునే ఓపిక ఉండాలి కదా, ఆమెకు అదీ లేదు. నిట్టూర్చి ఉన్న సంగతి చెప్పింది.

నీలిమకు పెరుగన్నం తప్ప ఇంకో ముద్ద సయించదు. చిన్నప్పట్నుంచీ అంతే. పప్పు పెట్టినా, చారు పోసినా పెదవులు బిగించేస్తుంది. పది రోజుల కిందట కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతే ఆసుపత్రికి తీసుకెళ్లారు. పేగులు పూశాయనీ, పాలూ పెరుగూ మజ్జిగా కొన్ని నెలలపాటు చుక్క కూడా ముట్టించవద్దనీ డాక్టరు చెప్పాడు. అప్పటినుంచీ పిల్ల గంజి నీళ్ల మీదే ఉంది. మొహం పీక్కుపోయింది. పథ్యం చెప్పే అమ్మాయి ఒకతె జాలిపడి, కొబ్బరిపాలతో పెరుగు తోడేసి చూడమంది. ముదురు కొబ్బరి రుబ్బి, గట్టిగా పిండి, చిక్కటి పాలు గోరువెచ్చగా చేసి, మామూలు పెరుగు తోడు వేయకూడదు గనక పచ్చిమిరపకాయ తొడిమలు అందులో పడేసి, గుడ్డ చుట్టి ఉంచమంది. కోనసీమలో కొబ్బరికేం కరువు. సత్యవేణి అక్షరం పొల్లుపోకుండా అలాగే చేసింది.

"ఆరు రోజులు తోడేసేనండి. ఆరు రోజులూ విరిగిపోయింది. కొబ్బరిచెట్టు మొదట్లో పారబోసేను," అంది.

"రుచి చూశావా?"

"విరిగిపోయినదానికి రుచేంటండి."

"మరి ఇవాళ్టిది?"

"అదీ అంతేనండి. పొద్దున్నే మూత తీసి చూసి, మళ్లీ పెట్టేసేను. పారబొయ్యడానికి కూడా ఓపిక లేదండి."

తాతబ్బాయిగారు చేతికర్ర అందుకుని లేచారు. "పద, మీ ఇంటికి," అన్నారు.

ఇల్లు రెండు తోటల అవతల. నీలిమ దగ్గర కూర్చున్న పక్కింటావిడ గురువుగారిని చూసి గాభరాగా లేచి కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు, తిన్నగా వంటింట్లోకి వెళ్లి గిన్నె మూత తీశారు. పైన తెల్లగా, మందంగా అట్ట కట్టి ఉంది. దాని కింద బియ్యం కడిగిన కలి లాంటి నీళ్లు. ఎవరు చూసినా చెడిపోయిందనే అంటారు. అందులోనూ సత్యవేణి పుట్టింట్లో నాలుగు గేదెలుండేవి. పెరుగంటే గిన్నె వంచినా జారకూడదని ఆ ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు.

ఆయన తొడిమలు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టారు. గరిటె తీసుకుని కలపసాగారు. చేతులు వణుకుతున్నందువల్ల చాలాసేపు పట్టింది. తాను కలుపుతానని సత్యవేణి చెయ్యి చాపినా ఇవ్వలేదు. పైనున్న అట్ట ముక్కలైంది, ముక్కలు కరిగాయి, కలి నీళ్లు కనబడకుండా పోయాయి. చివరికి గిన్నెలో తెల్లగా, నున్నగా, కాస్త జారుగా ఒకే పదార్థం మిగిలింది. ఆయన ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకి, తల ఊపారు.

"మా ఇంట్లో గేదె ఎప్పుడూ లేదు. రాలిన కాయలతో మా అమ్మ ఇదే తోడేసేది. రోజూ ఇలాగే విడిపోయేది. రోజూ కలిపేది," అన్నారు.

సత్యవేణి అన్నం మెత్తగా మెదిపి, ఆ పెరుగు పోసి, ఉప్పు వేసి కలిపింది. నీలిమ అలవాటు ప్రకారం పెదవులు బిగించేసింది. సత్యవేణి తొందరపడలేదు. పిల్ల తలను ఎడం మోచేతి మీదకు తీసుకుని, గడ్డం కింద బొటనవేలితో మెల్లగా రాస్తూ, తనకే వినబడనంత సన్నగా ఏదో కూనిరాగం తీస్తూ, ముద్దను కుడివైపు బుగ్గ దగ్గర ఆనించి ఉంచింది. ఎడమవైపు పెడితే పిల్లకు పొలమారుతుంది. ఆ సంగతి ఏ డాక్టరూ చెప్పలేదు. తాతబ్బాయిగారు గుమ్మం దగ్గర నిలబడి ఆ బొటనవేలినే చూస్తున్నారు.

నీలిమ నోరు తెరిచింది. పులుపు తగిలి మొహం చిట్లించింది. కొంతసేపు ముద్దను నోట్లోనే ఉంచుకుని, పైకప్పు వైపు చూస్తూ ఆలోచించినట్టు ఆలోచించి, మింగింది. మింగి మళ్లీ నోరు తెరిచింది.

గిన్నె సగానికి వచ్చేసరికి సత్యవేణికి ఏడుపు ఆగలేదు. ఆరు రోజులు పిల్ల ఆకలితో మాడుతుంటే, దాని తిండి తన చేతులతోనే చెట్టు మొదట్లో పోశానని ఏడ్చింది. పక్కింటావిడ కూడా కొంగుతో కళ్లొత్తుకుంది. గురువుగారు మాత్రం ఓదార్చలేదు, ముద్దలు పెట్టడం ఆపకని సైగ చేశారు.

ఏడ్చి తెరిపిన పడ్డాక సత్యవేణికి పట్టుదల తిరిగి వచ్చింది. అలసిపోయిన మనుషులు ఊరట దొరికినా దాన్ని అంత తేలిగ్గా ఒప్పుకోరు. ముక్కు ఎగబీల్చి గిన్నెలోకి చూస్తూ అంది:

"ఎంతైనా ఇది పెరుగు కాదండి గురువుగారూ. పెరుగంటే దానంతటదే గట్టిగా తోడుకోవాలి. దీన్ని రోజూ కలిపి కలిపి పెరుగనిపించాలి, అంతేనండి."

నీలిమ నోరు తెరుచుకుని తల్లి చేతి వైపే చూస్తోంది. తాతబ్బాయిగారు చెప్పులు వేసుకుంటూ అన్నారు:

"అవునో కాదో, పెట్టేదానివి నీకేం తెలుస్తుందమ్మా. తినేదాన్ని అడుగు."