భూషయ్య పెంచిన కూలి

వాగు ఒడ్డు ఇసుక నేలలో నక్క భూషయ్య చిలగడదుంపలు వేశాడు. పంట విరగపండింది. అంతలోనే పడమట మబ్బు పట్టింది. వాన పడితే దుంపలన్నీ నేలలోనే కుళ్లిపోతాయి, ఏడాదంతా పస్తులే. నక్క గోళ్లతో ఎంతని తవ్వుతాడు? అడవిపంది గున్నయ్యను కూలికి పిలిచాడు.

"రోజుకు బుట్టెడు దుంపలు. సరేనా బావా?"

"సరే బావా!" అంటూ గున్నయ్య మూతి మట్టిలో దూర్చాడు. సాయంత్రానికి రెండు సాళ్లు లేపేశాడు. బుట్టెడూ అక్కడే కూర్చుని తిని, బ్రేవ్‌మని తేన్చి వెళ్లాడు.

భూషయ్యకు ఆశ పుట్టింది. 'బుట్టకే రెండు సాళ్లయితే, రెండు బుట్టలకు నాలుగు లేపడూ!' తన తెలివికి తానే మురిసిపోయి, మర్నాడు కూలి రెండింతలు చేశాడు. గున్నయ్య ఎప్పటిలాగే రెండు సాళ్లు లేపి, రెండు బుట్టలూ తిన్నాడు. ఆ మర్నాడు అసలు రానేలేదు.

భూషయ్య పరుగెత్తుకెళ్లి చూస్తే, గున్నయ్య బురదలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

"ఇదేం పోయేకాలం బావా! కూలి పెంచాను కదా!"

"పెంచావు కాబట్టే రాలేదు. నిన్న తిన్న రెండో బుట్టే ఇవాళ్టి తిండి."

"మూడిస్తాను, లే!"

"అయితే రేపు కూడా రాను."

భూషయ్యకు ఒళ్లు మండింది. "ఇక అరబుట్టే నీకు!"

"దానికి నీ పొలందాకా ఎందుకూ? అడవిలో ఊరికే దొరుకుతాయి," అని గున్నయ్య అటు తిరిగి పడుకున్నాడు.

తెల్లారేసరికి ఉరుములు. పక్కన కుందేలు మంగాయమ్మ పొలంలో మట్టి ఎగిరిపడుతోంది. చూస్తే గున్నయ్య! రొప్పుతూ తవ్వుతున్నాడు.

"ఎంతిస్తోంది బావా?"

"బుట్టెడే."

"నేను రెండిచ్చానే!"

"నువ్వు నా నోటికిచ్చావు. మంగాయమ్మొదిన నిన్న రాత్రి నుంచే తిన్నగా మా ఇంటికి పంపుతోంది. పన్నెండు మంది పిల్లలు బావా! బుట్ట దించేలోపే ఖాళీ. కోడి కూయకముందే మీ చెల్లెలు మూతితో పొడిచి లేపేసింది."

భూషయ్య ఉరుకులు పరుగులతో గున్నయ్య ఇంటికెళ్లాడు. "చెల్లెమ్మా, నేనూ ఇక్కడికే పంపుతాను. రెండు బుట్టలు!"

గున్నయ్య పెళ్లాం పిల్లల మధ్యనుంచి తల ఎత్తింది. "ఆ బుద్ధి మొన్నుండాల్సింది అన్నయ్యా. వదిన పొలం అయ్యేదాకా ఆయనకు తీరిక లేదు."

భూషయ్య ముక్కు మీద టప్పున తొలి చినుకు పడింది. పాపం, ఆ రోజంతా ఆయనే వానలో, తన నాలుగు కాళ్లతో బురద తవ్వుకున్నాడు. దొరికింది అరబుట్ట.

నీతి: కూలివాణ్ణి పనికి లేపేది కూలి ఒక్కటే కాదు, దానికోసం ఇంట్లో కాచుకుని ఉన్న ఆకలి కూడా.