కాలు నేల విడవని దారి

అనగా అనగా, సముద్రపు ఒడ్డున సింధుపురమని ఒక పట్నం. దాన్ని ఏలే రాజు రత్నకేతుడు. ఆయనకు ముగ్గురు కొడుకులు.

ఆ పట్నానికి నీళ్ళిచ్చేది మధుమతి నది. ఏడు కొండల వరసలో చివరిదైన తెల్లకొండ గుహలో పుట్టి, వంకలు తిరిగి వచ్చి, సింధుపురం దగ్గర సముద్రంలో కలిసేది. ఒక ఏడు కుటిలాక్షుడనే మాంత్రికుడు ఆ గుహలో చేరి, రాతి తలుపు మూసి, నదిని లోపల బంధించాడు. నది ఎండింది. ఆవులు ఉత్త ఇసుకను నాకాయి. జనం చెలమలు తవ్వుకుని, గుక్కెడు నీళ్ళతో గొంతు తడుపుకున్నారు.

ఆ తలుపు ఏనుగులు గుద్దినా కదలదు. దానికో కట్టడి ఉంది. సముద్రం దగ్గర ఇద్దరు కలిసి బయలుదేరాలి. ప్రతి అడుగూ నేలమీదే వేయాలి. గుర్రమెక్కకూడదు, పడవెక్కకూడదు, ఒకరినొకరు మోయకూడదు. బయలుదేరిన ఇద్దరూ వెళ్ళి తలుపు ముందు నిలబడితే అదే తెరుచుకుంటుంది. తప్పినవాళ్ళు తప్పినచోటే రాయైపోతారు.

పెద్ద రాకుమారుడు మంత్రి కొడుకుతో వెళ్ళాడు. కాళ్ళు బొబ్బలెక్కి గుర్రమెక్కాడు. ఇద్దరూ రాళ్ళయ్యారు. రెండోవాడు బంటుతో వెళ్ళాడు. జబ్బుపడ్డ బంటును దారిలో వదిలి ముందుకు నడిచాడు. వాళ్ళూ రాళ్ళయ్యారు.

మూడోవాడు సుధన్వుడు. "నేను వెళతాను నాన్నగారూ" అన్నాడు. రాజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు గాని, కాదనలేకపోయాడు. తోడు ఎవరొస్తారని మూడు రోజులు చాటింపు వేయించారు. ఎవరూ రాలేదు. మూడో రోజు సాయంత్రం ఒక అమ్మాయి వచ్చింది. ఉప్పు బస్తాల ఎద్దులను తోలే గంగన్న కూతురు, పేరు తరళ.

"నేనొస్తాను రాకుమారా. ఎద్దుల వెంట రెండు కొండల దాకా నడిచాను. మూడో కొండ అవతల ఏముందో చూడాలని చిన్నప్పట్నుంచీ ఆశ" అంది.

"నేనైతే కోట గోడ దాటి నడవలేదు. నీకు బరువవుతానేమో" అన్నాడు సుధన్వుడు.

"బరువు మీరు కాదు, మీ మూట" అంటూ ఆమె అతని మూట విప్పింది. పట్టుపరుపు తీసి పక్కన పెట్టింది. వెండి పళ్ళెం తీసింది, అత్తరు బుడ్డి తీసింది. పేలపిండి, ఉప్పు, తోలుతిత్తి, గొంగడి, పాదాలకు రాసుకునే ఆముదం, ఇంతే కట్టింది.

తెల్లవారుతూనే ఇద్దరూ అలల్లో పాదాలు తడుపుకుని బయలుదేరారు. మొదటి కొండకే సుధన్వుడి మడమలు పగిలాయి. తరళ ఆముదం రాసి గుడ్డ చుట్టింది. రెండో కొండకు బొబ్బలు ఎండాయి. మూడో కొండ ఎక్కి అవతలికి చూసేసరికి లోయ నిండా ఎర్రటి మోదుగపూలు. తరళ రెండు చేతులూ చాచి చూపించింది.

"చూడండి రాకుమారా" అంది.

"ఈ దారిలో రాకుమారుడెవడూ లేడు. సుధన్వా అను చాలు" అన్నాడతను. అప్పట్నుంచి పోటీలు పడి నడిచారు. ఆకలేస్తే ఒకే దొప్పలో పిండి కలుపుకున్నారు, ఎవరి ముద్ద పెద్దదని తగువులాడుకున్నారు.

కుటిలాక్షుడికి ఇది తెలిసింది. నాలుగో కొండ కింద గుర్రాలవాడి వేషంలో వచ్చాడు. "పాపం, అలిసిపోయారు. ఒక్క కోసు దూరం ఎక్కండి."

"మా కాళ్ళకిప్పుడే దారి రుచి తెలిసింది తాతా" అని దండం పెట్టి సాగిపోయారు.

ఐదో కొండ దాటాక పెద్ద చెరువు అడ్డొచ్చింది. వాడే పడవవాడై వచ్చాడు. "పడవలో అయితే పూట ప్రయాణం. చుట్టి వెళితే ఏడు రోజులు."

"ఏడు రోజులే కదా" అంది తరళ. ముళ్ళ పొదల్లో ఏడు రోజులూ చుట్టి వెళ్ళారు.

ఆరో కొండ నిట్టనిలువు బండ. ఎక్కే దారి కనబడలేదు. అక్కడ ఎండ కాచుకుంటున్న ఒక ఉడుముకు తరళ పిడికెడు పిండి పెట్టింది. ఉడుము మనిషిలా మాట్లాడింది. "నా వెనకే రండి. నేను గోరు పెట్టినచోట మీరు వేలు పెట్టండి." పైకి చేర్చాక ఇంకో మాట చెప్పింది. "ఆ మాంత్రికుడి ప్రాణం గుహలోని చిలకలో ఉంది. చిలక పంజరం దాటిందా, వాడి మంత్రం ఇక పారదు."

ఏడో కొండంతా మంచు. తలుపు కనబడుతూనే ఉంది, ఇంకో అరకోసు. అప్పుడు తరళ కాలు జారి చీలమండ మెలితిరిగింది. అడుగు వేస్తే ప్రాణం పోతున్నంత నొప్పి. కుటిలాక్షుడు ముసలి సాధువై వచ్చి కూర్చున్నాడు.

"నాయనా, తలుపు కూతవేటు దూరంలో ఉంది. పిల్లను ఇక్కడ ఉంచి నువ్వు వెళ్ళు. లేదా వీపున మోసుకో. అక్కడ మీ ఊరు దాహంతో చస్తోంది."

సుధన్వుడికి ఊరు గుర్తొచ్చింది. తరళ ముఖం చూశాడు. ఆమె పళ్ళు బిగబట్టి, "ఒక్కరోజు ఆగుదాం. రేపు నేను నడుస్తాను" అంది.

"రేపు కాకపోతే ఎల్లుండి. ఇద్దరం వచ్చాం, ఇద్దరం వెళదాం" అన్నాడు సుధన్వుడు. ఆమె చీలమండకు గట్టిగా కట్టు కట్టాడు.

మర్నాడు అతని భుజం పట్టుకుని ఆమె లేచింది. ఒక అడుగు, ఆగడం. ఇంకో అడుగు, ఆగడం. అరకోసు నడవడానికి మూడు రోజులు పట్టింది. మూడో రోజు మధ్యాహ్నం ఇద్దరూ తలుపు ముందు నిలబడ్డారు. వెనక్కి తిరిగి చూస్తే దాటొచ్చిన ఆరు కొండలూ ఒకదాని వెనక ఒకటి, అన్నిటికీ అవతల సన్నటి నీలిగీత.

"అది మన సముద్రమేనా?" అన్నాడు సుధన్వుడు.

"మనమే నడిచామా అదంతా?" అంది తరళ. ఇద్దరికీ నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. వాళ్ళ వెనక తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది.

సుధన్వుడు ఒక్క ఉదుటున లోపలికెళ్ళి చిలక పంజరం పట్టుకున్నాడు. కుటిలాక్షుడు వెనకే పరుగున వచ్చి కాళ్ళమీద పడ్డాడు. "చిలకను చంపకండి. ఏం చెప్పినా చేస్తాను."

"చంపం. వదిలేస్తాం. ముందు రాళ్ళైనవాళ్ళను మనుషులను చెయ్యి. నదిని విడిచిపెట్టు" అంది తరళ.

వాడు గబగబా మంత్రం చదివాడు. దారిలోని నాలుగు రాళ్ళూ మనుషులై ఒళ్ళు విరుచుకున్నాయి. మధుమతి నది నురగలు కక్కుతూ గుహలోంచి దూకింది. "ఇక నా చిలకను నాకు వదిలేయండి" అన్నాడు వాడు. తరళ పంజరం తలుపు తీసింది. చిలక రివ్వున ఎగిరి కొండ దాటింది.

"అదిగో, వదిలేశాం" అంది.

మంత్రం పారక, ప్రాణం ఎటెళితే అటు పోక తప్పక, వాడు పంచె ఎగ్గట్టి చిలక వెంట పరుగెత్తాడు. ఆ తర్వాత వాణ్ణి చూసినవాళ్ళు లేరు.

దారిలో అన్నలనూ వాళ్ళ తోడు వెళ్ళినవాళ్ళనూ కలుపుకుని, నది పక్కనే ఆరుగురూ నడిచి దిగొచ్చారు. నది వాళ్ళకంటే ముందే ఊరు చేరింది. పిల్లలు నడుములోతు నీళ్ళలో ఎగిరి గంతులేస్తున్నారు, గంగన్న ఎద్దులను కడుగుతున్నాడు. అన్నలిద్దరూ తండ్రి దగ్గరికెళ్ళి, "పట్టం తమ్ముడికే కట్టండి" అన్నారు. సుధన్వుడికీ తరళకూ ఆ నది ఒడ్డునే పెళ్ళయింది. ఊరంతా కడుపునిండా తిన్నది, కడుపునిండా తాగింది.

వాళ్ళిద్దరూ అరవై ఏళ్ళు చల్లగా రాజ్యమేలారు. వాళ్ళు కొండ దిగారు, మన కథా దిగింది, మీరిక పక్కలెక్కండి.