కదలదన్న బండి

శనివారం మధ్యాహ్నం మూడు గంటలు. నెల్లూరులో ఎండ ఇంకా దిగలేదు. పడమటి పక్క మాత్రం కొంచెం మబ్బు వేసింది.

ఖాదర్ మస్తాన్ మెకానిక్ షెడ్డు ముందు పాత వ్యాను వెనక తలుపులు తెరిచి ఉన్నాయి. లాస్య చెక్క పలక మీదుగా తన రేసు బైకుని లోపలికి ఎక్కించి కడుతోంది. రేపు ఆదివారం, చెన్నై దగ్గరి ట్రాకులో ఎవరి బండి వాళ్ళు తెచ్చుకుని పొద్దుణ్ణించి తోలుకోవచ్చు. పోటీ కాదు, బహుమతీ లేదు. కొత్తవాళ్ళది ఒక జట్టు, వేగంగా వెళ్ళేవాళ్ళది ఒక జట్టు. వేగం జట్టులోకి వెళ్ళాలంటే నేర్పినవాళ్ళు ఊఁ అనాలి.

లాస్య వారంలో మూడుసార్లు అడిగింది. "చూద్దాం" అని మూడుసార్లూ అన్నాడు ఉస్తాద్ ఖాదర్ మస్తాన్.

జనవరిలో ఆ ట్రాకులోనే లాస్య పడింది. భుజం దగ్గర ఎముక విరిగితే ప్లేటు వేశారు. ఆసుపత్రి కాగితం మీద సంతకం పెట్టింది వాళ్ళమ్మ అరుంధతి. అప్పట్నించీ వీధిలో అంబులెన్సు కూత వినపడితే ఆమె గేటు దాకా వచ్చి చూస్తుంది. పిల్లని వద్దనలేదు. "ఈసారి నేనూ వస్తా" అని మాత్రం అంది.

"ఆరు నిమిషాలు!" లాస్య చేతులు దులుపుకుంటూ వ్యాను మీంచి దూకింది. "చూశావా పెంచలన్నా, ఆరు నిమిషాల్లో నాలుగు పట్టీలూ కట్టేశా."

పెంచలయ్య షెడ్డులో పాత శిష్యుడు. గుడారం మూట భుజాన వేసుకుని వస్తున్నాడు. "నీకేంమే, చాంపియన్‌వి. వంట సామాను ఎక్కించడానికే నాకు అరగంట పట్టింది."

ఉస్తాద్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. బండిని చూశాడు. పట్టీల్ని చూశాడు. చెయ్యి పెట్టలేదు.

"అయిందా?"

"అయింది ఉస్తాద్."

"కదలదా?"

"కదలదు. నలభై సార్లు కట్టాను. మీరు చూడక్కర్లేదు."

"మంచిది."

భుజం మీది తువ్వాలు తీసి వ్యానులో బండికి ఎడంపక్క నేల మీద పరిచాడు. దాని మీద కూర్చుని వెనక్కి ఆనుకున్నాడు. నూట డెబ్బై కిలోల బండి సరిగ్గా ఆయన మోకాళ్ళ పక్కనే ఉంది. పడితే అటే పడుతుంది.

"అక్కడెందుకు ఉస్తాద్? ముందు సీట్లో కూర్చోండి."

"ఇక్కడే బావుంది. కాళ్ళు చాపుకోవచ్చు."

అరుంధతి ఒక్క నిమిషం చూసింది. చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని తనూ ఎక్కి, ఆయన పక్కన కూర్చుంది.

"అమ్మా! నువ్వెందుకే అక్కడ?"

"కదలదన్నావుగా."

లాస్య పట్టీలవైపు ఒకసారి చూసింది. తలుపులు వేసి వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుంది. పెంచలయ్య ఆమె పక్కన ఎక్కాడు.

వ్యాను కదిలింది. లోపల పెట్రోలు వాసన, రబ్బరు వాసన. సందు చివర గతుకు వచ్చింది. బండి ముందు భాగం కిందికి దిగి పైకి లేచింది. లేచినప్పుడు కుడివైపు పట్టీ ఒక్క క్షణం వదులై, మళ్ళీ బిగిసింది. అరుంధతి దాన్ని చూసింది. బండి పక్కకర్ర, అదే సైడు స్టాండు, నేలకి ఆని ఉంది. గతుకు వచ్చినప్పుడల్లా బరువంతా ఆ కర్ర మీద పడుతోంది. బండి గురించి ఆమెకేమీ తెలియదు. కానీ నాలుగు పక్కలా కట్టినదానికి మళ్ళీ ఊతకర్ర ఎందుకో ఆమెకి అర్థం కాలేదు.

ఉస్తాద్ జేబులోంచి వేరుశెనక్కాయలు తీశాడు. "తింటారా అమ్మా? వేయించినవే."

ఆమె చెయ్యి చాచింది. చూపు మాత్రం పట్టీ మీదే ఉంది. ఆయన చూడనట్టే రెండు కాయలు పెట్టాడు.

రెండో గతుకు. బండి వేలెడంత వాళ్ళవైపు వాలింది. ఉస్తాద్ కాయ ఒలుచుకుంటున్నాడు.

వ్యాను నడక మారింది. మెల్లగా వెళ్ళింది. ఇంకా మెల్లగా వెళ్ళింది. హైవే ఎక్కకముందే పక్కకి తీసి ఆగిపోయింది.

వెనక తలుపులు తెరుచుకున్నాయి. లాస్య నుదుటి నిండా చెమట. ఎవరివైపూ చూడకుండా ఎక్కింది. నాలుగు పట్టీలూ విప్పింది. పెంచలయ్యని పట్టుకోమని పక్కకర్ర లేపింది. ముందు చక్రాన్ని వ్యాను గోడకి ఆనించి బండిని నిటారుగా నిలబెట్టింది. ఎడమ పట్టీ కొంచెం, కుడి పట్టీ కొంచెం లాగుతూ, ముందు భాగం స్ప్రింగు మీద సగం దాకా దిగేట్టు బిగించింది. ప్రతి కొక్కేన్నీ వేలితో తడిమింది. తర్వాత హ్యాండిల్ పట్టుకుని తన ఒంటి బరువంతా వేసి ఊపింది.

ఈసారి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది.

"చాంపియన్‌కి ఇవాళ ఏమైందబ్బా?" అన్నాడు పెంచలయ్య. ఎవరూ నవ్వలేదు.

ఉస్తాద్ కూర్చున్నచోటే ఉన్నాడు. "ఇప్పుడు కదలదా?"

లాస్య పట్టీని మళ్ళీ ఒకసారి లాగి చూసింది. పట్టీ మీద చెయ్యి అలాగే ఉంది.

"యాభై కిలోమీటర్లకోసారి ఆపి చూస్తా ఉస్తాద్."

ఆయన తువ్వాలు సర్దుకుని, మోచెయ్యి తలకింద పెట్టుకుని, బండి పక్కనే పడుకున్నాడు. సూళ్ళూరుపేట దాటేసరికి గురక.

రాత్రి ఎనిమిదికి ట్రాకు చేరారు. గోడ పక్కన రెండు గుడారాలు వేశారు. మేకులు దిగక పెంచలయ్య నేలని తిట్టాడు. అరుంధతి తెచ్చిన పులిహోర అరిటాకు ముక్కల్లో తిన్నారు. చుట్టూ ఇలాంటి గుడారాలే పదిహేనున్నాయి. ఎక్కడెక్కడి పిల్లలో. ప్రతి గుడారం ముందూ ఒక బండి.

తెల్లారింది. గుడారం గుడ్డ మంచుకి తడిసి బరువెక్కింది. బండ్లు ఒకటొకటిగా గొంతు సవరించుకున్నాయి.

లాస్య కొత్తవాళ్ళ జట్టులోనే బయల్దేరింది. వేగం జట్టు మాట ఎత్తలేదు. ఇనుప కంచె ఇవతల అరుంధతి నిలబడింది. ఎర్ర హెల్మెట్ మలుపు తిరిగి కనపడకుండా పోయినప్పుడల్లా ఊపిరి బిగబట్టింది. కనపడ్డాక వదిలింది.

మూడో రౌండులో లాస్య ఎడంచెయ్యి పైకెత్తింది. మిగతావాళ్ళు దూసుకుపోతుంటే తను పక్కదారి పట్టి లోపలికి వచ్చేసింది.

"ఏమైంది?" అన్నాడు ఉస్తాద్.

"ముందు బ్రేకు. రెండోసారి పట్టినప్పుడు పిడి కొంచెం ఎక్కువ లోపలికి వచ్చినట్టనిపించింది. అవునో కాదో తెలీదు."

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. నూనె సరిగ్గా ఉంది. గొట్టం సరిగ్గా ఉంది. పదిసార్లు నొక్కాడు.

"ఏమీ లేదు."

"ఏమీ లేదా?" పెంచలయ్య తల పట్టుకున్నాడు. "ఇంకా అయిదు రౌండ్లున్నాయి గదమ్మే! ఊరికే పోగొట్టుకున్నావు."

"పోతే పోయినాయిలే అన్నా." లాస్య హెల్మెట్ తీసి నీళ్ళు తాగింది. మొహంలో బాధ లేదు.

ఉస్తాద్ చేతులు తుడుచుకుంటూ లేచాడు. నేరుగా పేర్లు రాసే బల్ల దగ్గరికి నడిచాడు. అక్కడి మనిషితో ఒక మాట చెప్పాడు. ఆ మనిషి లాస్య పేరు ఒక కాగితంలో కొట్టేసి ఇంకో కాగితంలో రాశాడు.

తిరిగొచ్చి, "పదకొండింటికి వేగం జట్టుతో" అన్నాడు.

లాస్య నీళ్ళ సీసా కింద పెట్టేసింది.

అరుంధతి కంచె వదిలి దగ్గరికి వచ్చింది. "ఇవాళే పంపుతున్నారా ఉస్తాద్?"

"పేరు రాయించానమ్మా. పంపాల్సింది మీరు."

"నాకేం తెలుసు బండి సంగతి?"

"బండి సంగతి పెంచలయ్యకీ తెలుసు. వాడు ముందు సీట్లో కూర్చున్నాడు. బండి పక్కన కూర్చుంది మీరు."

పెంచలయ్య తల గోక్కున్నాడు.

అరుంధతి కూతురి మెడ దగ్గర జాకెట్టు జిప్పు పైదాకా లాగింది. ప్లేటు ఉన్నచోట ఒక్క క్షణం వేళ్ళు ఆగాయి.

"వెళ్ళు" అంది.

పదకొండింటికి లాస్య వెళ్ళింది. ఆ బండ్ల చప్పుడుకి కంచె వణికింది. అందరికంటే ముందేమీ లేదు, వెనకా లేదు. మలుపులో ఒంగింది, లేచింది. ఎనిమిది రౌండ్లు. అరుంధతి ఈసారి ఊపిరి బిగబట్టడం మర్చిపోయింది. ఎనిమిదో రౌండు అయ్యాక గుర్తొచ్చింది.

మూడింటికల్లా గుడారాలు విప్పేశారు. బండి కట్టడానికి లాస్యకి ఇరవై నిమిషాలు పట్టింది. ఎవరూ గడియారం చూడలేదు.

ఏడున్నరకి నెల్లూరు. సన్నగా తుంపర. పెంచలయ్య ఇంటి తలుపు తెరుచుకునేదాకా అరుంధతి వ్యానుని కదలనివ్వలేదు. "ఒకరు ఇల్లు చేరారు" అనుకుంది. ఉస్తాద్ ఇంటి ముందు ఆయన భార్య లైటు వేసి, "ఇంత ముందే వచ్చారే!" అంటూ గేటు తీసింది. "ఇద్దరు."

సొంత ఇంటి మెట్ల మీద లాస్య కూర్చుని బూట్లు లాగుతోంది. అరుంధతి గడప మీద కాలు పెట్టి నిలబడింది.

"ముగ్గురు. నలుగురు." కూతుర్నీ తననీ లెక్కేసి, ఈసారి పైకే అంది.

లాస్య తలెత్తింది. "మరి బండో?"

అరుంధతి వ్యాను వైపు చూసింది. తుంపరలో తలుపులు తడుస్తున్నాయి.

"అయిదుగురు" అంది.